రంగు పూసిన మెదడు బొమ్మలు, లెక్క అడగని మనం



గత నెలలో ఒక సాయంత్రం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర టీ త్రాగుతూ నిలబడి ఉండగా ఒక యువకుడు నా వద్దకు వచ్చి, "సార్, మీరు డాక్టరు గారని చెప్పారు. ఈ కాగితం ఒకసారి చూసి చెబుతారా?" అని అడిగాడు. అతడిది నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె. అశోక్‌నగర్‌లో మరి ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటూ మూడేళ్ళుగా గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. అతడు చూపినది ఒక జ్ఞాపకశక్తి శిక్షణ కేంద్రం వారి కరపత్రం. దానిపై రెండు మెదడు బొమ్మలున్నాయి. "శిక్షణకు ముందు" అన్న బొమ్మ బూడిద రంగులో ఉంది. "శిక్షణ తరువాత" అన్న బొమ్మలో ఎర్రని, పసుప్పచ్చని మచ్చలు నిప్పు కణికల వలె మెరుస్తున్నాయి. "15 మంది విద్యార్థుల మెదళ్ళను స్కాన్ చేసి శాస్త్రీయంగా నిరూపించబడినది" అని పెద్ద అక్షరాలలో ఉంది. రుసుము 18,000 రూపాయలు. వాళ్ళ నాన్నగారు అప్పు తెచ్చి పంపుతానన్నారట.

ఆ కాగితం అడుగున, భూతద్దం ఉంటే తప్ప కనబడనంత చిన్న అక్షరాలలో, "పి విలువ 0.001 కంటె తక్కువ, అన్‌కరెక్టెడ్" అని ఉంది. మోసమంతా ఆ చివరి మాటలోనే ఉంది. ఆ మాట ఏమిటో, దాని వెనుక ఉన్న లెక్క ఏమిటో వివరించడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఇది పరిశోధకుల గొడవ, మనకెందుకు అని దయచేసి పేజీ తిప్పవద్దు. 18,000 రూపాయలు పోయేది పరిశోధకుడివి కావు.

నా సంతకం

ఇతరులను విమర్శించే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ప్రభుత్వ సర్వీసులో ఉండగా ఒక పోస్ట్‌గ్రాడ్యుయేట్ విద్యార్థి పరిశోధనకు నేను పర్యవేక్షకుడిని. రెండు వర్గాల రోగులను పోల్చి చూడవలసిన పని. మొదట అనుకున్న పరీక్షతో లెక్క కట్టితే తేడా తేలలేదు. "ఇద్దరు రోగులను తీసివేసి, ఇంకో పరీక్ష పెట్టి చూడు" అని ఒక సహోద్యోగి సలహా ఇచ్చారు. మూడవ ప్రయత్నంలో పి విలువ 0.05 కంటె క్రిందికి దిగింది. అందరం సంతోషించాము. నేను సంతకం చేశాను. ఆ పిల్లవాడికి పట్టా వచ్చింది. ఆ గ్రంథంలో మొదటి రెండు ప్రయత్నాల ప్రస్తావన ఎక్కడా లేదు.

అప్పుడు అది అబద్ధమని నాకు తోచలేదు. ప్రతి అంకె నిజమైనదే గదా అనుకున్నాను. కాని ఫలితం చూసుకుని దానికి తగిన పద్ధతిని ఎంచుకోవడం, బాణం వేసిన తరువాత దాని చుట్టూ గురి గీయడం వంటిదే. మెదడు స్కానింగ్ పరిశోధనలలో ఈ జబ్బు నూరింతలు ముదిరిందని నా అభియోగం.

లక్ష చోట్ల వెదికితే ఏదో ఒకటి దొరకక పోదు

ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ యంత్రం మెదడును చిన్న చిన్న ఘనాలుగా విభజించి, ఒక్కొక్క ఘనంలో రక్తంలోని ఆక్సిజన్ హెచ్చుతగ్గులను బట్టి వచ్చే సంకేతాన్ని కొలుస్తుంది. ఈ ఘనాన్ని వోక్సెల్ అంటారు. ఒక మెదడులో సుమారు లక్ష వోక్సెల్స్ ఉన్నాయనుకుందాం. ప్రతి దానిలోను "ముందుకూ తరువాతకూ తేడా ఉందా?" అని ఒక పరీక్ష జరుగుతుంది. అంటే ఒకే పరిశోధనలో లక్ష పరీక్షలు. ఏ తేడా లేకపోయినా, 0.05 గీతతో చూస్తే 5,000 చోట్ల కేవలం యాదృచ్ఛికంగా "తేడా ఉంది" అని వస్తుంది. 0.001 గీతతో చూసినా 100 చోట్ల వస్తుంది. ఆ నూరు చోట్ల ఎర్ర రంగు వేస్తే బొమ్మ చూడముచ్చటగా ఉంటుంది. అన్ని పరీక్షలు చేసినందుకు గీతను తగినంత కఠినం చేయడమే "కరెక్షన్". అది చేయలేదని ఒప్పుకోవడమే "అన్‌కరెక్టెడ్".

అశోక్‌నగర్ వాసులకు దీనిని వివరించడం సులభం. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి తల పైకెత్తితే కోచింగ్ సెంటర్ల హోర్డింగులు కనిపిస్తాయి. వాటి నిండా ర్యాంకులు వచ్చినవారి ఫొటోలు. చేరిన వేలమందిలో రానివారి ఫొటోలు ఎక్కడా ఉండవు. హోర్డింగు మీది ప్రతి ముఖమూ నిజమే, హోర్డింగు మాత్రం అబద్ధం. రంగు పూసిన మెదడు బొమ్మ కూడా అటువంటి హోర్డింగే.

ఈ సంగతిని లోకానికి నవ్విస్తూ చెప్పినవాడు అమెరికా పరిశోధకుడు క్రెయిగ్ బెన్నెట్. 2009లో ఆయన బృందం ఒక చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపి, ఆ మనుషులు ఏ భావంలో ఉన్నారో చెప్పమని "అడిగింది". కరెక్షన్ లేకుండా లెక్క కడితే చచ్చిన చేప మెదడులో స్పందన కనిపించింది. కరెక్షన్ చేయగానే మాయమైంది. ఈ పనికి 2012లో వారికి ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. హైదరాబాదులో చేప అనగానే మృగశిర కార్తె గుర్తుకు వస్తుంది. నా మాట వింటే ఈ చేపనూ గుర్తుంచుకోండి. కరపత్రం మీది ఎర్ర మచ్చ విద్యార్థి మెదడుదో, చచ్చిన చేపదో ఆ చిన్న అక్షరాలే చెబుతాయి.

పదిమంది బీపీని వెయ్యిసార్లు కొలిస్తే

రెండవ మోసం ఇంకా సున్నితమైనది. పదిమంది రోగుల రక్తపోటును ఒక్కొక్కరికి నూరు మార్లు కొలిచాననుకోండి. నా వద్ద 1,000 కొలతలున్నాయి. "వెయ్యి కొలతల ఆధారంగా చెబుతున్నాను" అంటే మీరు నమ్ముతారా? కొలతలు వెయ్యే గాని మనుషులు పదిమందే. ఆ కొలతలు ఆ పదిమంది గురించి గట్టిగా చెప్పగలవు. పదకొండవ మనిషి గురించి చెప్పాలంటే మనిషికీ మనిషికీ మధ్య ఎంత తేడా ఉందో లెక్కలోకి రావాలి.

స్కానర్ ఒక్కొక్క వ్యక్తి నుండి వందల కొద్దీ చిత్రాలు తీస్తుంది. వాటినన్నిటినీ ఒకే కుప్పగా పోసి లెక్క కట్టే పద్ధతిని ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ అంటారు. అందులో 15 మందిలో ఇద్దరి మెదళ్ళలో మాత్రమే పెద్ద మార్పు వచ్చినా, అందరిలోను వచ్చినట్లు తేలవచ్చు. వ్యక్తులలోని తేడానూ, వ్యక్తుల మధ్య తేడానూ విడదీసి లెక్కించే పద్ధతిని రాండమ్ ఎఫెక్ట్స్ లేదా మిక్స్‌డ్ ఎఫెక్ట్స్ అంటారు. సమాజానికి వర్తించే మాట చెప్పదలచినవాడు రెండవ దానినే ఎంచుకోవాలి. ఇందులో ఇష్టాయిష్టాలకు తావు లేదు. అడిగిన ప్రశ్నే పద్ధతిని నిర్ణయిస్తుంది.

తేడాలను ఇలా విడదీసి అంచనా వేసే విద్యలో ప్రపంచానికి పాఠం చెప్పినవారిలో మన తెలుగువారు ఒకరున్నారు. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920లో హడగలిలో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎదిగారు. 1945 నాటి ఆయన వ్యాసం నేటికీ గణాంక శాస్త్రానికి పునాదిరాయి. 1970ల తొలినాళ్ళలో ఆయన వివిధ మూలాల నుండి వచ్చే విచలనాలను విడివిడిగా అంచనా వేసే పద్ధతిని రూపొందించారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, ఆ ఏడాది ఆగస్టులోనే 102 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. ఆయన పేరుతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఒక సంస్థ ఉంది. అటువంటి ఊరిలో, 15 మంది మీద తీసిన సగటును చూపి పల్లె తండ్రుల చేత అప్పు చేయించడం మనకు సిగ్గుచేటు కాదా?

చీటీలు కలిపి చూడండి

"అయితే కరెక్షన్ చేసినవన్నీ నిజాలేనా?" అని మీరు అడగవచ్చు. అక్కడా దెబ్బ తగిలింది. మెదడులో ప్రక్క ప్రక్క ఘనాలు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. చిక్కడపల్లిలో ఒక ఇంట్లో కరెంటు పోతే ప్రక్క ఇంట్లో కూడా పోయి ఉండవచ్చు గదా, అటువంటిదే. కనుక లక్ష పరీక్షలనూ వేరు వేరుగా లెక్కించి గీతను లక్షవ వంతుకు దించితే నిజమైన మార్పులు కూడా తప్పిపోతాయి. అందుకని పరిశోధకులు ఒక్కొక్క ఘనాన్ని గాక గుంపులను చూడడం అలవాటు చేసుకున్నారు. ఎంత పెద్ద గుంపు యాదృచ్ఛికం కాదో చెప్పడానికి ఒక సూత్రం వాడారు. ఆ సూత్రం వెనుక కొన్ని ఊహలున్నాయి. ఆ ఊహలు నిజమా అని చాలాకాలం గట్టిగా పరీక్షించినవారు లేరు.

2016లో ఎక్లుండ్, నికల్స్, నట్సన్ అనే ముగ్గురు ఆ పని చేశారు. విశ్రాంతిగా పడుకున్న 499 మంది ఆరోగ్యవంతుల స్కాన్లను తీసుకుని, యాదృచ్ఛికంగా వర్గాలు చేసి, దాదాపు 30 లక్షల విశ్లేషణలు నడిపారు. అక్కడ నిజమైన తేడా ఏదీ లేదు. కనుక నూటికి 5 సార్లకు మించి తేడా కనిపించరాదు. కాని ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్లలో గుంపులను బట్టి తేల్చే పద్ధతులు, ముఖ్యంగా మొదటి గీత వదులుగా ఉన్నప్పుడు, కొన్ని సందర్భాలలో నూటికి 70 వరకు తప్పుడు ఫలితాలు ఇచ్చాయి. ఒక సాఫ్ట్‌వేర్‌లో 15 ఏళ్ళుగా ఉన్న ఒక దోషం కూడా అప్పుడే వెలుగులోకి వచ్చింది. 40,000 పరిశోధనలు పనికిరావన్నట్లు పత్రికలు వ్రాశాయి. ఆ వాక్యం అతిశయమని గ్రహించి రచయితలే దానిని సవరించుకున్నారు. తప్పు దిద్దుకునే ఆ గుణాన్నే నేను శాస్త్రం అంటాను.

ఆ పరీక్షలో చాలా వరకు నిలబడినది పర్మ్యుటేషన్ పద్ధతి. దీనికి పెద్ద సిద్ధాంతం అక్కరలేదు, చీటీలు చాలు. ఆ కరపత్రంలోని 15 మందినే తీసుకోండి. శిక్షణ వలన ఏ ప్రయోజనమూ లేకపోతే, ఒక విద్యార్థి రెండు స్కాన్లలో "ముందు", "తరువాత" అన్న చీటీలను తారుమారు చేసినా ఏమీ తేడా రాకూడదు. 15 మందికి ఇలా తారుమారు చేసే మార్గాలు 32,768. ప్రతిసారీ మెదడంతా లెక్క కట్టి, ఎక్కడైనా సరే వచ్చిన అతి పెద్ద విలువను వ్రాసుకోండి. అసలు చీటీలతో వచ్చిన విలువ ఆ జాబితాలో పై నూటికి అయిదులో ఉంటేనే దానికి రంగు వేయండి. లక్ష పరీక్షల సమస్య కూడా ఇందులోనే తీరిపోతుంది. నేటి కంప్యూటరుకు ఇది పెద్ద పని కాదు.

ఈ పద్ధతికీ షరతులున్నాయి. చీటీలు నిజంగా మార్చుకోదగినవై ఉండాలి. ఒకే ఇంటి అన్నదమ్ములను పరాయివారితో ఇష్టం వచ్చినట్లు కలపరాదు. అన్నిటి కంటె ముఖ్యంగా, పోల్చడానికి శిక్షణ పొందని వర్గం లేకపోతే ఏ పద్ధతీ ఆదుకోలేదు. రెండవసారి స్కానర్‌లో పడుకున్నవాడికి భయం తగ్గి ఉంటుంది, ప్రశ్నలు పరిచయమై ఉంటాయి. ఆ మార్పును శిక్షణ ఖాతాలో ఎలా వేస్తారు? రెండు వర్గాలున్నా, "వీరిలో మార్పు తేలింది, వారిలో తేలలేదు" అంటే చాలదు. రెండు మార్పుల మధ్య తేడాను సూటిగా పరీక్షించాలి. ఈ పొరపాటు చేయగల సందర్భమున్న నాడీశాస్త్ర వ్యాసాలను 2011లో పరిశీలిస్తే సుమారు సగం ఈ గోతిలోనే పడినట్లు తేలింది.

డెబ్బై బృందాలు, ఒకే స్కాన్లు

2020లో ప్రచురితమైన మరొక ప్రయోగం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. 108 మంది స్కాన్లను 70 పరిశోధక బృందాలకు ఇచ్చి, 9 ప్రశ్నలకు అవును, కాదు అని సమాధానం చెప్పమన్నారు. ఏ రెండు బృందాలూ అచ్చంగా ఒకే మార్గంలో నడవలేదు. చాలా ప్రశ్నలకు సమాధానాలలో గణనీయమైన తేడాలు వచ్చాయి. వీరెవరూ మోసగాళ్ళు కారు, నిజాయితీపరులు. నిజాయితీపరులకే ఇన్ని దారులుంటే, వస్తువు అమ్ముకునేవాడు తనకు లాభించే దారిని వెదుక్కోడా?

అందుకే నా డిమాండు ఒక్కటే. పద్ధతిని స్కాన్ చూడక ముందే ఎంచుకుని, తేదీతో సహా నమోదు చేయాలి. ఇది క్రొత్త కోరిక కాదు. మన దేశంలో ఔషధ ప్రయోగాలను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేయడం 2009 నుండి తప్పనిసరి. మాత్రకు ఉన్న క్రమశిక్షణ మెదడు బొమ్మకు ఎందుకు ఉండరాదు? నైతిక సంఘాలలో కూర్చునే నా సోదర వైద్యులు అనుమతి ఇచ్చే ముందు "మీ గణాంక ప్రణాళిక ఏది?" అని అడగాలి. నేను అడగలేదు, అందుకే చెబుతున్నాను.

మన ఊరి మెదడు పటం

ఇక్కడ మన హైదరాబాదు సంగతి ఒకటి చెప్పాలి. 2019లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ శాస్త్రజ్ఞులు, తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థవారితో కలిసి 100 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకుల స్కాన్లతో భారతీయ మెదడు పటాన్ని తయారు చేశారు. అప్పటివరకు మన స్కాన్లను పాశ్చాత్యుల సగటు మెదడుతో పోల్చేవారు. భారతీయుల సగటు మెదడు ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణాలలో వారికంటె కొంత చిన్నదని తేలింది. పటం ప్రయోజనం ఏమిటి? పరాయి కొలబద్దతో మన పెద్దవారి మెదడు "కుంచించుకుపోయింది" అని పొరబడకుండా ఉండడం. ఎంత గొప్ప పని!

మరి శీర్షికలు? "భారతీయుల మెదళ్ళు చిన్నవి" అని చాటింపు వేశాయి. నారాయణగూడలో ప్రొద్దుటి నడకలో నలుగురు కలిసినచోట అదే చర్చ. తెలివి తగ్గిందా అని ఒకరు, తిండి లోపమా అని ఇంకొకరు. సగటు అనేది వర్గానికి చెందినది, వ్యక్తికి చెందినది కాదు. రెండు వర్గాల సగటులు వేరైనా వ్యక్తుల కొలతలు చాలా మేరకు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. మెదడు పరిమాణాన్ని ఎత్తుతో, తల పరిమాణంతో సరిచూడకుండా దేనికీ అన్వయించరాదు. సద్బుద్ధితో చేసిన పనినే ఇంతగా అపార్థం చేసుకున్నాము. అమ్ముకోవడానికే చేసిన బొమ్మ ముందు మనం ఎంతగా మోసపోతామో ఊహించండి.

"మరీ ఇంత కఠినమా, డాక్టరు గారూ?"

ఇలా అనేవారున్నారు. మన ఆసుపత్రులలో స్కానర్ మీద రోగులకే సమయం చాలదు, వేలమందిని ఎక్కడ నుండి తెస్తాము, గీత కఠినం చేస్తే నిజాలు కూడా జారిపోవా అంటారు. ఈ వాదనలో సత్యముంది. 2022లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన ప్రకారం, మనుషుల ప్రవర్తనలోని తేడాలకూ మెదడులోని తేడాలకూ మధ్య సంబంధాన్ని నమ్మదగినట్లు తేల్చాలంటే వేలమంది కావాలి. సాధారణంగా జరుగుతున్నవి పాతికమందితో. అయితే చిన్న పరిశోధన చేయడం నేరమని నేను అనడం లేదు. చిన్నదని చెప్పి, ఎంత తేడా ఉందో, ఆ అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చునో చెప్పి, స్కాన్లను ఇతరులతో పంచుకుంటే నలుగురివీ కలిసి పెద్దదవుతుంది. చిన్న దానిని చేసి పెద్ద మాట చెప్పడమే నేరం.

మరొక మాట. ఈ వ్యాసం చదివి మీ డాక్టరు వ్రాసిన ఎమ్‌ఆర్‌ఐని మానుకోవద్దు. పక్షవాతం, గడ్డ, రక్తస్రావం వంటివాటికి మీ మెదడును మీకోసమే నిపుణుడు చూసి చెప్పే పరీక్ష వేరు. వర్గాల సగటుల మీద కట్టిన ప్రచారం వేరు.

మీరు అడగవలసిన ప్రశ్నలు

"మెదడు స్కానింగ్‌లో నిరూపితం" అని ఎవరైనా చెబితే ఈ అయిదూ అడగండి.

1. ఎంతమంది మనుషులు? కొలతల సంఖ్య, చిత్రాల సంఖ్య చెబితే ఒప్పుకోవద్దు.
2. పోల్చడానికి ఆ శిక్షణ లేదా ఆ మందు పొందని వర్గం ఉందా? రెంటి మధ్య తేడాను సూటిగా పరీక్షించారా?
3. మెదడంతా వెదికినందుకు కరెక్షన్ చేశారా?
4. పద్ధతిని ముందే నమోదు చేశారా? ఎక్కడ?
5. రంగు మారితే మార్కులు మారాయా? మెదడులో మచ్చ వచ్చింది సరే, జ్ఞాపకం పెరిగిందా?

జ్ఞాపకశక్తిని పెంచుతామని చెప్పుకునే మందులను చట్టం ఎప్పుడో నిషేధించింది. 1945 నాటి ఔషధ నియమావళిలోని షెడ్యూల్ జె ప్రకారం మెదడు శక్తిని, జ్ఞాపకాన్ని పెంచుతుందని ఏ మందూ చెప్పుకోరాదు. కోచింగ్ సంస్థల తప్పుడు ప్రకటనలపై 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు విడుదల చేసింది. కనుక ఫిర్యాదు చేయడానికి దారి ఉంది. కావలసినది అడిగే నోరు.

ఆ యువకుడికి ఈ అయిదు ప్రశ్నలూ కరపత్రం వెనుక వ్రాసి ఇచ్చాను. "వాళ్ళు సమాధానం చెబితే చేరు బాబూ, చెప్పకపోతే నాన్నగారికి ఫోన్ చేసి అప్పు వద్దని చెప్పు" అన్నాను. "జ్ఞాపకం కోసం మరి ఏం చేయమంటారు సార్?" అని అడిగాడు. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నావని అడిగాను. నాలుగు గంటలన్నాడు. ఏడు గంటలు నిద్రపో, చదివిన దానిని పుస్తకం మూసి మళ్ళీ వ్రాసి చూసుకో, మెస్సులో ఉదయం టిఫిను మానకు అన్నాను. వీటికి రుసుము లేదు, రంగుల బొమ్మ కూడా లేదు. బహుశా అందుకేనేమో, అతడి ముఖంలో కొంచెం నిరాశ కనిపించింది.

ఆ నిరాశనే వ్యాపారులు సొమ్ము చేసుకుంటున్నారు. మీ ఇంట్లోనూ పరీక్షలకు చదువుతున్న పిల్లలుంటే, ఈ అయిదు ప్రశ్నలనూ వారికి చూపండి. లెక్క అడగడం అవమానం కాదు, ఆరోగ్యం.

మీ శ్రేయోభిలాషి,
ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు